రెండో బొమ్మలో గుడ్డేమైంది?

కమలిని గీసిన పుస్తకంలో తప్పులేమీ లేవు. తేడాలు మాత్రమే ఉన్నాయి. అవి కూడా పదే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆవిడ బోటనీలో డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక ఆ చదువును పెరట్లో కరివేపాకు చెట్టుకు అంకితం చేసిన ఇల్లాలు. బొమ్మలు బాగా వేస్తుంది. వేసిన కాకి కాకిలాగే ఉండాలి, కొంగలా ఉండకూడదన్న పట్టుదల మనిషి. వీధి చివరనున్న బాలవాడి టీచరు ధనకుమారి ఒకనాడు వచ్చి గోడు వెళ్ళబోసుకుంది.

"పిల్లలకి చూపిద్దామంటే క్యాలెండర్ మీద అమ్మవారి బొమ్మ తప్ప ఇంకోటి లేదండి మా దగ్గర. ఇది చెయ్యి అంటాను. ఇదేంటి టీచరుగారూ అంటారు. ఇదీ చెయ్యేనంటాను. మరిదో అంటారు. అదీ చెయ్యే. ఆ చేతులతోనే పొద్దు పోతందండి, కాళ్ళ దాకా వెళ్ళట్లేదు."

కమలినికి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఆ వారంలోనే కూర్చుని బాలవాడి వాకిలి బొమ్మ వేసింది. కుళాయిలోంచి నీళ్ళు పడుతున్నాయి. వరండాలో ఫ్యాను తిరుగుతోంది. పిల్లలు వరసగా కూర్చున్నారు, ఒక్కొక్కరి పళ్ళెంలో ఒక్కో గుడ్డు. మూల మరుగుదొడ్డి, దానికి తలుపు. ఉయ్యాల, గేటు, ఆకుపచ్చ చీరలో టీచరు, గోడ మీద పిల్లి. ఇది ఎడమ పేజీ. కుడి పేజీలో కూడా ఇదే వాకిలి వెయ్యాలి, కానీ పది చోట్ల చిన్న చిన్న మార్పులతో. పైన 'పది తేడాలు కనుక్కో' అని పేరు.

మొదటి బొమ్మ చూసి పిల్లలు ఎగిరి గంతేశారు. "రెండోది కూడా తెస్తాను. అప్పుడు ఆట ఆడుకుందాం," అని కమలిని మాటిచ్చింది. అది మొదలు ఆవిడ కూరలకని ఆ దారిన వెళితే చాలు, కిటికీ ఊచల్లోంచి జోషిత అనే పిల్ల కేక పెట్టేది. "ఆంటీ! ఆట ఎప్పుడు?"

సరిగ్గా అప్పుడే జిల్లాలో బాలవాడిలను నడిపే బాలచిత్ర మండలివారికి పోలికల మీద పూనకం వచ్చింది. మండలి డైరెక్టరుగారు ఎక్కడో శిక్షణకు వెళ్ళి, పోల్చి చూడనిదే పసిమెదడు వికసించదన్న సత్యం తెలుసుకుని తిరిగొచ్చారు. అంతకుముందు ఇలాగే వెళ్ళినప్పుడు చప్పట్లతో వికసిస్తుందని తెలుసుకొచ్చారు. దానికి ముందు బంకమట్టితో. ఈసారి 'పోలికలు-తేడాల మహోద్యమం' అని పేరు పెట్టి, 'ప్రతి శిశువూ ప్రతి దినమూ ఏదో ఒకటి పోల్చవలెను' అని ఉత్తర్వు వేశారు. ఒక ఊళ్ళో టీచరు పాలనూ నీళ్ళనూ పక్కపక్కన పెట్టి పోలికలు చెప్పమంటే, పిల్లలు చెప్పిన పోలికలు విని పాలవాడు అలిగి పాలు మానేశాడు.

అలాంటి గాలిలో, రెండో బొమ్మ కూడా వేసి పిల్లలకు చూపించేలోపే, కమలిని పుస్తకం మండలివారి కంట పడింది. జిల్లాలోని బాలవాడిలన్నిటికీ అదే పంచాలని నిర్ణయం జరిగింది. శాలువా కప్పారు. డైరెక్టరుగారు మొదటి బొమ్మ మీద 'ఆమోదించడమైనది' అని స్వయంగా సంతకం చేశారు.

ఆ తర్వాత పుస్తకం ఆడిట్ సెక్షనుకు వెళ్ళింది.

*

కబురొస్తే కమలిని మండలి ఆఫీసుకు వెళ్ళింది. ఆడిట్ ఆఫీసరు పానకాలరావుగారు పుస్తకాన్ని బల్ల మీద విప్పి, పాము పుట్ట దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నారు. పక్కన డిప్యూటీ డైరెక్టరు ఆంజనేయప్రసాద్‌గారు దిగులుగా టీ తాగుతున్నారు.

"కూర్చోండమ్మా," అన్నారు పానకాలరావుగారు. "నా సర్వీసంతా తేడాలు పట్టుకోవడంలోనే గడిచింది. ఎక్కడైనా తేడా ఉంటే దాచేవాళ్ళు. నేను రాత్రింబగళ్ళు తవ్వి తీసేవాణ్ణి. తేడా ఉందని బొమ్మల పైనే రాసుకున్న మొదటి మనిషి మీరు. అదీ ఒకటి కాదు, పది!"

"అది ఆటండీ. రెండు బొమ్మలూ చూసి పిల్లలు..."

"ఆటే. ప్రభుత్వ సొమ్ముతో ఆట." ఆయన ఎర్రసిరా కలం తీశారు. "సదరు మొదటి బొమ్మలో పిల్లికి తోక ఉంది. రెండో బొమ్మలో లేదు. తోక ఏమైంది?"

"నేనే వెయ్యలేదండి."

"అంటే తెలిసే చేశారన్నమాట." రాసుకున్నారు. "మొదటి బొమ్మలో కిటికీ పక్క పిల్ల పళ్ళెంలో గుడ్డు ఉంది. రెండో బొమ్మలో ఖాళీ పళ్ళెం. గుడ్డేమైంది? ఎవరు తిన్నారు?"

"ఎవరూ తినలేదండీ! బొమ్మ కదా!"

"తినకుండా మాయమైందా? ఇంకా ఘోరం."

ఆంజనేయప్రసాద్‌గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఎవరినీ నొప్పించని మనిషి, అందుకని ఎవరికీ పనికొచ్చేవారు కారు. "అమ్మా, మీ చిత్తశుద్ధిని శంకించడం లేదు. సదరు తేడాలను సవరించి, ఇరు చిత్రాలూ సరితూగునట్లు చేసి సమర్పిస్తే, తదుపరి చర్య నిమిత్తం మేం పైకి పంపుతాం."

"తేడాలు తీసేస్తే 'పది తేడాలు కనుక్కో' అన్న పేరేం చెయ్యనండీ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పేరును డైరెక్టరుగారు ఆమోదించేశారు," అన్నారు ఆంజనేయప్రసాద్‌గారు గౌరవంగా. "పేరు మార్చే అధికారం మాకు లేదు."

కమలిని ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. శేషుబాబు బ్యాంకులో క్యాషియరు. అంతా విని, "మా బ్యాంకులో సాయంత్రం తేడా వస్తే నన్ను ఇంటికి పంపరు. నువ్వు పది తేడాలు చేసి ఇంటికెలా వచ్చావే?" అన్నాడు.

"నవ్వండి, నవ్వండి. పిల్లలకి మాటిచ్చింది నేను, మీరు కాదు."

ఏదో ఒక రూపంలో పుస్తకం వాళ్ళకు చేరడం ముఖ్యమనుకుని, ఆవిడ పిల్లికి తోక అతికించింది. పళ్ళెంలో గుడ్డు పెట్టింది. పదింటినీ సరిచేసి, రెండు బొమ్మలనూ అచ్చుగుద్దినట్టు ఒకేలా చేసింది. వేసిన చేత్తోనే చెరుపుతుంటే, కూరలో వేసిన ఉప్పును మళ్ళీ ఏరుతున్నట్టనిపించింది.

నమూనా పుస్తకం పట్టుకుని బాలవాడికి వెళితే పిల్లలు చుట్టుముట్టారు. జోషిత రెండు పేజీల మీదా వేలు పెట్టి పిల్లి నుంచి పిల్లికి, గుడ్డు నుంచి గుడ్డుకు తిప్పింది. తిప్పి తిప్పి తలెత్తింది.

"ఆంటీ, ఇదీ అదీ ఒకటే."

"అవునమ్మా."

"మరి ఆటేది?"

కమలిని పుస్తకం మూసేసింది.

*

వారం తిరక్కుండా మళ్ళీ కబురొచ్చింది. ఈసారి పానకాలరావుగారి మొహంలో కోపం లేదు, బాధ ఉంది.

"అమ్మా, మీరింత పని చేస్తారనుకోలేదు. రెండు బొమ్మలూ ఒకేలా ఉన్నాయి!"

"మీరే కదండీ ఒకేలా ఉండాలన్నారు!"

"తేడా ఉండకూడదన్నాను. రెండోది ఉండాలని అన్లేదు." ఆయన పేజీలు తిప్పి చూపించారు. "ఒక వాకిలి వేసేశాక అదే వాకిలి మళ్ళీ ఎందుకు వెయ్యాలి? ఒకే రోడ్డును రెండుసార్లు వేసినట్టు చూపించే కాంట్రాక్టర్లను చాలామందిని చూశాను. మీరు వాళ్ళకంటే ఘనులు. రెండోసారి వేసిన రోడ్డును మొదటి రోడ్డు పక్కనే పెట్టి చూపిస్తున్నారు."

"అంటే తేడాగా ఉన్నా తప్పే, ఒకేలా ఉన్నా తప్పేనా అండీ?"

"తేడాగా ఉంటే అవకతవక. ఒకేలా ఉంటే పునరుక్తి. రెండింటికీ రెండు వేర్వేరు సెక్షన్లున్నాయి," అన్నారాయన ఎంతో సౌమ్యంగా. ఆయనకు కమలిని మీద వ్యక్తిగతంగా ఏ కక్షా లేదు. రూలుకు విరుద్ధంగా ఉంటే పూర్ణచంద్రుణ్ణి కూడా అభ్యంతరంలో పెట్టే మనిషి.

అలా రెండో బొమ్మ ఎగిరిపోయింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పైన 'పది తేడాలు కనుక్కో' అన్న పేరు, కింద ఒకే ఒక్క బొమ్మ మిగిలాయి.

"దేన్ని చూసి తేడాలు కనుక్కోవాలండీ పిల్లలు?" అనడిగింది కమలిని ఉండబట్టలేక.

ఆంజనేయప్రసాద్‌గారు కళ్ళు మూసుకుని ఆలోచించి తెరిచారు. "ఆ అంశాన్ని శిశువుల సృజనాత్మకతకు విడిచిపెట్టడమైనది."

పుస్తకం అచ్చయింది. ఆవిష్కరణ సభలో డైరెక్టరుగారు మాట్లాడుతూ, "రెండు బొమ్మలు చూసి తేడాలు కనుక్కోవడం పాత పద్ధతి. ఒక్క బొమ్మతోనే తేడాలు కనుక్కునే పద్ధతిని మన మండలి సాధించింది," అన్నారు. చప్పట్లు మోగాయి. ప్రతి శిశువూ పది తేడాలు కనుక్కున్నదీ లేనిదీ నెలాఖరులోగా తెలియజేయాలని టీచర్లకు ఉత్తర్వు వెళ్ళింది.

*

ధనకుమారి పుస్తకాన్ని గోడకు ఆనించి నిలబెట్టి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది. కమలిని పక్కనే ముద్దాయిలా నిలబడింది.

"ఏం చెప్పమంటారండీ వీళ్ళకి? ఒక్క బొమ్మ చూపించి పది తేడాలంటే, పెద్దదాన్ని, నాకే దొరకట్లేదు."

పిల్లలు బొమ్మ వంక చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత జోషిత బొమ్మ వంక చూసి వాకిలి వంక చూసింది. మళ్ళీ బొమ్మ చూసి మళ్ళీ వాకిలి చూసింది. ఒక్కసారిగా ఎగిరింది.

"దొరికింది టీచరుగారూ! బొమ్మలో కుళాయికి నీళ్ళు పడతన్నాయి. మనకి పడట్లేదు!"

ధనకుమారి ఉలిక్కిపడింది. ఆపేలోపే ఇంకో గొంతు లేచింది.

"బొమ్మలో ఫ్యానుంది! మనకి కొక్కేవుంది!"

"బొమ్మలో దొడ్డికి తలుపుంది! మనకి గోనెపట్టా!"

"బొమ్మలో అందరికీ గుడ్డు!"

"మనకీ ఉంది కదరా గుడ్డు!" అంది ధనకుమారి.

"మనకి సగం సగం కదండి!"

"ఉయ్యాల లేదు!" "గేటు లేదు!" "గోడే లేదు, మొన్న గేదొచ్చింది కదా!" "పిల్లీ లేదు!" "బొమ్మలో టీచరుగారు నవ్వుతన్నారు!"

ఆ చివరిది విని ధనకుమారికి నవ్వొచ్చేసింది. "అది కొట్టెయ్యరా, ఇప్పుడు నవ్వుతన్నాను," అంది కొంగు అడ్డం పెట్టుకుని. పది ఎప్పుడో దాటిపోయాయి. పిల్లలు ఆపడం లేదు. ఆట మొదలైంది కదా!

ఆ ఊళ్ళోనే కాదు, జిల్లా అంతటా అదే తంతు. పిల్లలు ఎక్కడైనా పిల్లలే. ఒకచోట కప్పు లేదు. ఒకచోట కప్పే ఉంది, గోడలు లేవు. ఉత్తర్వులో ఏమడిగారో దానికే జవాబు రాయడం అలవాటైన టీచర్లు, పిల్లలు చెప్పినవన్నీ పొల్లుపోకుండా మండలికి పంపారు.

ఆ కాగితాలు వచ్చి పడుతుంటే పానకాలరావుగారికి ఊపిరాడలేదు. జీవితంలో ఆయన ఇన్ని తేడాలు ఒక్కచోట చూడలేదు. గజం ఎత్తు దొంతర మీద చెయ్యి వేసి, "ఇంత నికరంగా తనిఖీ చేసిన సిబ్బంది ఎవరయ్యా? వీళ్ళని మన సెక్షనుకు తీసుకోవచ్చు," అన్నారు.

"వాళ్ళకింకా అక్షరాలు రావండి," అన్నాడు గుమాస్తా.

*

అత్యవసర సమావేశం జరిగింది. కమలినిని కూడా పిలిచారు. బల్ల మీద ఆవిడ వేసిన అసలు బొమ్మ, పక్కన కొత్త రబ్బరు, చెక్కిన పెన్సిలు.

"అమ్మా," అన్నారు ఆంజనేయప్రసాద్‌గారు, "సదరు బొమ్మకూ క్షేత్రస్థాయి వాస్తవాలకూ మధ్య తేడాలు పొడసూపిన దృష్ట్యా, బొమ్మను వాస్తవాలకు అనుగుణంగా సవరించవలసిందిగా మండలి తీర్మానించింది. ఎక్కువ పని లేదు. ఫ్యాను చెరిపేస్తే చాలు. కుళాయి ఉండనివ్వండి, నీళ్ళు చెరపండి. గుడ్లు సగం చెయ్యండి."

"తలుపు?"

"తలుపు చెరిపి గోనెపట్టా వెయ్యండి. మీకు బాగా వస్తుంది."

కమలిని రబ్బరు చేతిలోకి తీసుకుంది. పిల్లి తోక దగ్గర ఒప్పుకుంది. రెండో బొమ్మ తీసేస్తామంటే ఒప్పుకుంది. ఇప్పుడు రబ్బరు కిటికీ పక్క పిల్ల పళ్ళెం మీదికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆ పిల్లకు ఆవిడ జోషిత మొహమే వేసింది. బొమ్మలో కూడా సగం గుడ్డేనా?

రబ్బరు కింద పెట్టింది.

"చెరుపుతానండి. కానీ ఏ ఊరికి తగ్గట్టు చెరపాలి?"

"అంటే?"

"మా వీధిలో కుళాయికి నీళ్ళు లేవు. పక్క ఊళ్ళో నీళ్ళున్నాయి, కుళాయి లేదు. ఇంకోచోట కప్పే లేదంటున్నారు. ఏ ఊరి బొమ్మ ఆ ఊరికి వేస్తే, బొమ్మకీ బొమ్మకీ తేడా వస్తుంది కదండీ?"

పానకాలరావుగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "వస్తుంది! తప్పకుండా వస్తుంది!"

"అన్ని ఊళ్ళకీ కలిపి ఒకటే వేస్తే, ఏ ఊళ్ళో చూసినా మళ్ళీ తేడానే."

"నిజమే!"

"పైగా ఇది డైరెక్టరుగారు ఆమోదించి సంతకం చేసిన బొమ్మ. దీన్ని చెరిపితే ఆమోదించిన దానికీ ఉన్నదానికీ తేడా వస్తుంది. ఆమోదించింది ఆమోదించినట్టు ఉన్నది ఇదొక్కటే. ఆమోదించిన ప్రకారం లేనివి..." కమలిని అక్కడ ఆపి కొంగు సర్దుకుంది.

పానకాలరావుగారి మొహంలో మెల్లగా వెలుగు పరుచుకుంది. "బాలవాడిలు!" అన్నారాయన, బల్ల మీద చరిచి. "ఆమోదిత నమూనాకు భిన్నంగా బాలవాడిలు నడుస్తున్నాయి! అభ్యంతరం బొమ్మ మీద కాదు, ప్రసాద్‌గారూ. మీ మీద!"

ఆంజనేయప్రసాద్‌గారి చేతిలో టీ చల్లారిపోయింది.

*

మన దేశంలో అర్జీ కదపలేనిది అభ్యంతరం కదుపుతుంది. కుళాయి కోసం ధనకుమారి పెట్టుకున్న అర్జీలు పేరిస్తే కుళాయి దాకా గొట్టంలా వెళ్ళేవి, నీళ్ళు మాత్రం రాలేదు. ఇప్పుడు ఆడిట్ అభ్యంతరం అనగానే ప్లంబరు వచ్చాడు, వడ్రంగి వచ్చాడు, ఫ్యాను వచ్చింది. గోడ లేచింది, గేటు వచ్చింది, ఉయ్యాల వచ్చింది. గుడ్లు పగలకుండా, సగాలవ్వకుండా వచ్చాయి.

సవరణ అంటే పూర్తిగా సవరణే. బొమ్మలో టీచరు ఆకుపచ్చ చీర కట్టుకుంది గనక జిల్లాలోని టీచర్లందరూ ఆకుపచ్చ చీర కట్టుకోవాలని ఉత్తర్వొచ్చింది. ఊళ్ళో ఆ రంగు దొరక్క ధనకుమారి పాత చీరకు రంగద్దించుకుంది. గోడ మీద పిల్లి విషయంలో మాత్రం మండలి చాలా మథనపడింది. 'తోకతో కూడినదియు, గోడపై కూర్చొనగలిగినదియు అగు పిల్లుల సరఫరాకై' కొటేషన్లు పిలిచారు. కోళ్ళ కాంట్రాక్టరు ఒకడు ముందుకొచ్చాడు గానీ, కూర్చునే హామీ తాను ఇవ్వలేనన్నాడు. చివరికి ఏ టీచరు పిల్లిని ఆవిడే చూసుకోవాలని తేల్చారు.

తుది తనిఖీకి ధనకుమారి బాలవాడినే ఎంచుకున్నారు. రెండు జీపుల్లో వచ్చారు. పానకాలరావుగారు వాకిలి మధ్య నిలబడి, పుస్తకం తెరిచి, బొమ్మ వంకా వాకిలి వంకా చూస్తూ ఒక్కోటీ సరిచూశారు. కుళాయి. నీళ్ళు. ఫ్యాను. తలుపు తీసి, వేసి, మళ్ళీ తీశారు. పళ్ళేల్లో గుడ్లు. టీచరు చీర. ధనకుమారి గోడ మీద చేపముక్క పెట్టి ఉంచడంతో పిల్లి కూడా వేళకు గోడెక్కి, తోక కిందికి వేలాడేసి కూర్చుంది.

పానకాలరావుగారి కళ్ళు చెమర్చాయి. "తేడాలు, నిల్," అన్నారు పూజారి హారతి ఇచ్చినంత భక్తిగా.

ఆంజనేయప్రసాద్‌గారు హమ్మయ్య అనుకున్నారు. ఫొటోగ్రాఫరు ఫ్లాష్ కొట్టాడు. పిల్లలు మాత్రం బిక్కమొహాలు వేశారు.

"ఏమ్మా, ఏమైంది? అన్నీ వచ్చాయి కదా," అన్నారు పానకాలరావుగారు వంగి.

"అన్నీ వచ్చేశాయండి," అంది జోషిత. "మరి మేం ఏం కనుక్కోవాలి?"

కుళాయి వచ్చింది, గుడ్డు నిండుగా వచ్చింది, కమలిని మాటిచ్చిన ఆట మళ్ళీ పోయింది. అంతలో జోషిత బొమ్మను దగ్గరికి లాక్కుంది. బొమ్మ చూసింది. వాకిలి చూసింది. మెల్లగా తలెత్తి పానకాలరావుగారిని కింది నుంచి పై దాకా చూసింది.

"తాతగారు బొమ్మలో లేరు!" అని అరిచింది. "టీచరుగారూ, తాతగారే తేడా!"

ధనకుమారి ఆకుపచ్చ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

పానకాలరావుగారు ఉలిక్కిపడి బొమ్మలోకి చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఎక్కడా ఆయన లేరు. సర్వీసంతా ఇతరుల తేడాలు పట్టుకున్న మనిషి, తన తేడా కనబడేసరికి ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. దాన్ని బట్టి ఆయన నిజాయితీ ఎలాంటిదో ఒప్పుకుని తీరాలి.

"అభ్యంతరం సమంజసమే," అని హుందాగా నడిచి గేటు బయట నిలబడ్డారు.

"ఒకటి!" అన్నారు పిల్లలు.

ఇంకేముంది! "ఈ టీ తాగే తాతగారూ లేరు!" ఆంజనేయప్రసాద్‌గారు కప్పుతో సహా బయటికి నడిచారు. "రెండు!" ఫొటోగ్రాఫరు మూడు. సూపర్‌వైజరమ్మ నాలుగు. "నేను లోకల్‌నండీ!" అని మొత్తుకున్నా వార్డు మెంబరు ఐదు. పూలదండలు మోసుకొచ్చిన బంట్రోతు, గుమాస్తా, డ్రైవర్లిద్దరూ వరసగా గేటు దాటారు. పిల్లల గొంతులు కప్పెగిరేలా లేచాయి.

"తొమ్మిది!"

తొమ్మిది దగ్గర ఆగిపోయారు. అటూ ఇటూ వెతికారు. గోడ మీద పిల్లి ఉంది, అది బొమ్మలోనూ ఉంది. జోషిత చూపు తిరిగి తిరిగి కమలిని మీద ఆగింది. మొహం విప్పారింది.

"ఆంటీ! నువ్వు కూడా లేవు!"

నిజమే. అందర్నీ వేసింది గానీ తనను తాను వేసుకోలేదు. "పది!" అని పిల్లలు చప్పట్లు కొడుతుంటే, కమలిని నవ్వాపుకోలేక, చెప్పులేసుకుని గేటు దాటి, అధికారుల పక్కన ఎండలో నిలబడింది.

లోపల కుళాయి తిప్పిన చప్పుడు, పళ్ళేల చప్పుడు. పానకాలరావుగారు గేటు ఊచల్లోంచి కాసేపు చూసి, కమలిని వైపు వంగి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మా, ఈ ఆటలో పదీ దొరికాక ఏం చేస్తారు?"

"ఏముందండీ, మళ్ళీ మొదలెడతారు."

ఆయన చేతిలో పుస్తకం చటుక్కున మూశారు. "డ్రైవరూ! జీపు తియ్యవయ్యా, త్వరగా!"